టీమ్ షూటర్ గేమ్ మంచిదని దేన్ని చూసి చెప్పాలి?

ప్రశ్న క్లుప్తంగా ఇదీ. ఇంజినీరింగ్ ఫైనల్ ఇయర్‌లో ఉన్న ఒక మిత్రుడు తన బ్యాచ్‌తో కలిసి ప్రాజెక్టుగా ఒక చిన్న టీమ్ షూటర్ (జట్లుగా విడిపోయి కాల్చుకునే వీడియో గేమ్) తయారుచేస్తున్నారు. బ్యాచ్‌లో వాదన తెగడం లేదట. ఒకరు కౌంటర్ స్ట్రైక్ ఆడి పెరిగినవారు. తుపాకీ ఫీల్ బాగుండి, గురి ఉన్నవాడు గెలిస్తే చాలంటున్నారు. ఇంకొకరు ఓవర్‌వాచ్ అభిమాని. హీరోలు, పవర్లు, తోటివాళ్ళకి వైద్యం చేసే హీలర్ లేకపోతే అది టీమ్ గేమే కాదంటున్నారు. ఎవరి మాట వినాలి, అసలు ఈ రకం గేమ్‌ను నిలబెట్టేది ఏమిటి అని అడిగారు.

ముందు సూటిగా జవాబు చెప్తాను. ఇద్దరు చెప్పినవీ కావాల్సినవే, కానీ వాటితో గేమ్ మంచిదో కాదో తేలదు. నేను వాడే పరీక్ష ఇది: జట్టులో గురి అందరికంటే తక్కువ ఉన్నవాడికి గెలుపులో నిజమైన పని ఉందా? ఆ పని చేశాడని మిగతావాళ్ళకి తెలుస్తుందా? ఈ రెంటికీ అవునని చెప్పగలిగిన గేమ్ ఏళ్ళ తరబడి ఆడతారు. లేకపోతే తుపాకీ ఎంత బాగా పేలినా, హీరోలు ఎంత అందంగా ఉన్నా జనం జారిపోతారు.

ఈ మాట ఏ ఆధారంతో అంటున్నానంటే, విజయవాడలో ఇంజినీరింగ్ కాలేజీ పిల్లలు ఎక్కువగా వచ్చే ఒక గేమింగ్ సెంటర్ చాలా ఏళ్ళు నడిపాను. ఇప్పుడు కాలేజీ ఫెస్టులకు టోర్నమెంట్లు నిర్వహిస్తున్నాను, రెండు మూడు కాలేజీ జట్లకు ఆట నేర్పిస్తున్నాను. కౌంటర్ దగ్గర కూర్చున్నవాడికి ఒక విషయం బాగా అర్థమవుతుంది. బాగా ఆడేవాడు ఎలాగూ వస్తాడు. చూడాల్సింది ఐదోవాడిని. వాడు ఆడుతూ కూడా ఫోన్ చూసుకుంటున్నాడంటే, రేపో మాపో "నాకు ల్యాబ్ ఉందిరా" అని మానేస్తాడు. ఐదోవాడు మానేశాక మిగతా నలుగురికి జట్టు కుదరదు, వాళ్ళూ తగ్గిపోతారు. అందుకే గేమ్ ఆయుష్షు దాని స్టార్ ఆటగాడి చేతిలో ఉండదని నా నమ్మకం.

ఇక మీ బ్యాచ్ వాదనకి వద్దాం. కౌంటర్ స్ట్రైక్ గురి గేమ్ అని మీ స్నేహితుడు అనడంలో సగమే నిజం ఉంది. 1999లో మిన్ లే, జెస్ క్లిఫ్ అనే ఇద్దరు హాఫ్-లైఫ్ గేమ్‌కి మాడ్‌గా, అంటే ఉన్న గేమ్‌ని మార్చి చేసిన ఆటగా మొదలుపెట్టింది అది. ఐదుగురు ఐదుగురు ఆడతారు; ఒక జట్టు బాంబు పెట్టాలి, ఇంకోటి కాపలా కాయాలి. పాతికేళ్ళు దాటినా ఇంకా ఆడుతున్నారంటే ఒక్క హెడ్‌షాట్ ఆనందంతో ఇంతకాలం నడవదు. దాని అసలు బలం డబ్బు లెక్క: రౌండ్ మొదట్లో ఆటలోని డబ్బుతో తుపాకులు కొనుక్కోవాలి. మొదటి రౌండ్‌కి ఒక్కొక్కరికీ 800 డాలర్లు ఇస్తుంది. ఇప్పటి ధరల్లో ఏకే-47 కొనాలంటే 2700, ఏడబ్ల్యూపీ అనే స్నైపర్ రైఫిల్ కొనాలంటే 4750 కావాలి. వరసగా ఓడుతుంటే ఓదార్పు సొమ్ము 1400 నుంచి మెట్టు మెట్టుగా 3400 దాకా పెరుగుతుంది. ఒకరి దగ్గర ఎంత దాచుకున్నా 16,000 దాటదు.

ఈ అంకెలన్నీ ఎందుకు చెప్తున్నానంటే, వీటివల్లే ఐదుగురూ మాట్లాడుకోక తప్పదు. ముగ్గురి దగ్గర డబ్బుండి ఇద్దరి దగ్గర లేకపోతే ఏం చేయాలి? అందరూ కలిసి ఎకో ఆడాలా (ఆ రౌండ్‌కి ఖర్చు మానుకుని డబ్బు దాచుకోవాలా), లేక ఉన్నవాడు లేనివాడికి తుపాకీ డ్రాప్ చేయాలా, అంటే కొనిపెట్టాలా? నా సెంటర్‌లో ఒక బ్యాచ్ ఉండేది. వాళ్ళలో ఒకడికి గురి సుతరామూ కుదరదు, కిల్స్‌లో ఎప్పుడూ అట్టడుగునే. కానీ వాడు డబ్బు అనవసరంగా తగలెయ్యడు, బాగా ఆడేవాడికి ప్రతిసారీ రైఫిల్ డ్రాప్ చేసేవాడు, తను పిస్టల్‌తో స్మోక్, ఫ్లాష్ (పొగ బాంబు, కళ్ళు చెదరగొట్టే బాంబు) పట్టుకుని ముందు నడిచేవాడు. వాడు రాని రోజు ఆ బ్యాచ్ ఓడేది. అందరికీ తెలుసు ఎందుకు ఓడారో. స్కోర్‌బోర్డ్‌లో అట్టడుగున ఉన్నవాడు రాలేదని నలుగురు దిగాలుపడటం నేను కళ్ళారా చూశాను. మంచి డిజైన్ అంటే నాకు గుర్తొచ్చేది అదే.

మ్యాప్ కూడా ఇదే పని చేయాలి. డేవిడ్ జాన్స్టన్ చేసిన డస్ట్ 2 మ్యాప్ 2001లో వచ్చింది. అందులో బాంబు పెట్టే చోట్లు రెండు, కాపలా కాసేవాళ్ళు ఐదుగురు. రెండు చోట్లా పూర్తి బలం పెట్టడం కుదరదు. అంటే ఎదుటివాళ్ళు ఎటు వస్తున్నారన్న సమాచారమే ఆటలో అసలు సరుకు. బి సైట్‌లో ఒంటరిగా నిలబడ్డవాడు ఒక్కరిని కూడా కొట్టకుండా చచ్చిపోయినా, చచ్చేముందు "టన్నెల్‌లో నలుగురు, బాంబు ఇక్కడే" అని చెప్తే వాడి పని అయినట్టే. చెప్పకుండా ఇద్దరిని కొట్టి చచ్చిపోయినవాడి కంటే అతని విలువ చాలాసార్లు ఎక్కువ. మీరు మ్యాప్ గీసేటప్పుడు ఈ కొరత కావాలని పెట్టండి. కాపలా వాళ్ళకి అన్ని దారులూ ఒకేచోటి నుంచి కనపడితే వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకోవాల్సిన అవసరం పోతుంది.

రెండోవారి వాదన, అంటే హీరోలు, పవర్లు. దీనికి ఓవర్‌వాచ్ కంటే ముందు టీమ్ ఫోర్ట్రెస్ 2 చూడమంటాను. 1996లో క్వేక్‌కి మాడ్‌గా పుట్టిన ఆటకి ఇది కొనసాగింపు, 2007 అక్టోబర్‌లో వచ్చింది, 2011 నుంచి ఉచితం. తొమ్మిది క్లాసులు, అంటే పాత్రలు. అందులో మెడిక్‌ని గమనించండి. అతను హెవీ అనే పాత్రకి మెడిగన్ (వైద్యం చేసే తుపాకీ) పెడితే 300 ఉన్న ఆరోగ్యం 450 దాకా పెరుగుతుంది. అలా వైద్యం చేస్తూ పోతే ఊబర్‌చార్జ్ నిండుతుంది. నొక్కితే 8 సెకన్లపాటు ఇద్దరికీ ఏ దెబ్బా తగలదు. ఆ 8 సెకన్ల కోసం జట్టంతా మెడిక్‌ని కాపాడుకుంటుంది. ఊబర్ రెడీ అని మెడిక్ అరిచేదాకా ఆగి, అప్పుడు అందరూ ఒక్కసారిగా తోస్తారు. మెడిక్‌కి గొప్ప గురి అక్కర్లేదు. ఎప్పుడు, ఎవరికి, ఎక్కడ నిలబడి అన్న తెలివి కావాలి. అది వేరే రకం నైపుణ్యం, అంత తేలిగ్గా పట్టుబడదు కూడా.

అందులో నాకు బాగా నచ్చినది స్కోర్‌బోర్డ్. టీమ్ ఫోర్ట్రెస్ 2లో ఎవరు ఎన్ని కిల్స్ చేశారన్న వరుస కనపడదు, పాయింట్ల వరుస కనపడుతుంది. ఒక శత్రువుని చంపితే 1 పాయింట్, కంట్రోల్ పాయింట్ (మ్యాప్‌లో గెలుచుకోవాల్సిన చోటు) పట్టుకుంటే 2. వైద్యానికి వస్తాయి, అసిస్ట్‌కి వస్తాయి. ఒక్కరినీ చంపని మెడిక్ పైవరుసలో కూర్చోగలడు. చూడటానికి చిన్న విషయం, కానీ జట్టులో ఎవరు ఎవరిని తిడతారన్నది ఈ బోర్డే నిర్ణయిస్తుంది. మీరు బోర్డు మీద ఏం రాస్తే ఆటగాళ్ళు దానికోసమే ఆడతారు. కిల్స్, డెత్స్ మాత్రమే రాస్తే పాయింట్ మీద నిలబడాల్సినవాడు కూడా కిల్స్ వెతుక్కుంటూ వెళ్ళిపోతాడు.

ఓవర్‌వాచ్ 2016 మేలో వచ్చినప్పుడు ఈ తిట్ల గొడవ తప్పించాలని బోర్డే తీసేసి, ఎవరి బంగారు, వెండి, కంచు పతకాలు వాళ్ళకే కనపడేలా పెట్టారు. ఉద్దేశం మంచిదే. జరిగింది వేరు. "నాకు డ్యామేజ్‌లో గోల్డ్ ఉంది, మీరంతా ఏం చేస్తున్నారు" అని వాదించడానికి ఆ పతకాలే ఆయుధాలయ్యాయి. ఓవర్‌వాచ్ 2 వచ్చాక మామూలు బోర్డు పెట్టారు. పని దాచిపెట్టడం వల్ల గొడవ ఆగదు. పని సరిగ్గా చూపించాలి.

పాత్రల విషయంలో ఓవర్‌వాచ్ నుంచి నేర్చుకోవాల్సింది ఇంకోటుంది. మొదట్లో ఆరుగురూ ఎవరికి నచ్చిన హీరోని వాళ్ళు తీసుకునేవారు. ఐదుగురు డ్యామేజ్ హీరోలు (శత్రువుని కొట్టడమే పనిగా ఉన్నవాళ్ళు) తీసుకుంటే ఆరోవాడు తిట్టుకుంటూ హీలర్ అయ్యేవాడు. పై స్థాయిలో అయితే ముగ్గురు ట్యాంకులు (ముందు నిలబడి దెబ్బలు కాచుకునేవాళ్ళు), ముగ్గురు సపోర్టులతో (వైద్యం, సాయం చేసేవాళ్ళు) గోట్స్ అనే పద్ధతి రాజ్యమేలింది, డ్యామేజ్ హీరోలకి పనే లేకుండా పోయింది. చివరికి 2019లో ఇద్దరు ట్యాంకులు, ఇద్దరు డ్యామేజ్, ఇద్దరు సపోర్ట్ అని బిగించేశారు. జట్టు కూర్పు బాగుపడింది గానీ, డ్యామేజ్ ఆడాలనుకునేవాళ్ళే ఎక్కువ కాబట్టి వాళ్ళకి మ్యాచ్ కోసం నిరీక్షణ పెరిగింది. 2022 అక్టోబర్‌లో ఓవర్‌వాచ్ 2 రాగానే ఒక ట్యాంకుని తీసేసి ఐదుగురి ఆట చేశారు. ఇప్పుడు ఓటమి భారమంతా ఆ ఒక్క ట్యాంకు నెత్తిన పడుతోందని చాలామంది బాధ. 2024 చివర్లో ఆరుగురి పద్ధతిని మళ్ళీ ప్రయోగంగా తెచ్చారు. ఇంత పెద్ద కంపెనీకే ఇన్నేళ్ళు తేలని లెక్క ఇది. పాత్రలు పెడితే, ఎవరూ ఆడటానికి ఇష్టపడని పాత్ర ఒకటి మిగులుతుంది. ఆ పాత్రని ఎలా సరదాగా చేస్తారన్న ప్రశ్నకి మీ దగ్గర జవాబు ఉంటేనే పాత్రలు పెట్టండి.

ఇప్పుడు మీ బ్యాచ్‌లో ఆ ఇద్దరి వాదన అసలు ఎక్కడ తెగుతుందో చెప్తాను. ఒక మనిషి దెబ్బ తగిలినప్పటి నుంచి చచ్చేదాకా ఎంతసేపు పడుతుంది? ముందు తేల్చుకోవాల్సింది ఇది. కౌంటర్ స్ట్రైక్‌లో ఏకే-47 బుల్లెట్ ఒక్కటి తలకి తగిలితే హెల్మెట్ ఉన్నా పోతాడు. అలాంటి ఆటలో హీలర్‌ని పెట్టినా వాడికి పని దొరకదు, కాపాడేలోపే అంతా అయిపోతుంది. అందుకే అక్కడ సాయమంతా కాల్పులకి ముందే జరుగుతుంది: డబ్బు, స్మోక్, ఫ్లాష్, సమాచారం. ఓవర్‌వాచ్, టీమ్ ఫోర్ట్రెస్ 2లో చావుకి సమయం పడుతుంది కాబట్టి కాల్పుల మధ్యలో సాయం కుదురుతుంది: వైద్యం, డాలు, పక్కకి లాగేయడం. బీజీఎంఐ (పబ్జీ మొబైల్ భారత వెర్షన్) లాంటి ఆటల్లో తుపాకులు వేగంగానే చంపుతాయి, కానీ స్క్వాడ్‌లో ఇంకొకరు నిలబడి ఉన్నంతవరకు తగిలినవాడు ముందు నాక్ అవుతాడు (పడిపోతాడు గానీ చావడు), పాకుతూ పక్కకి వెళ్ళొచ్చు, స్నేహితుడొచ్చి రివైవ్ చేయొచ్చు, అంటే తిరిగి లేపొచ్చు. అక్కడ సాయం కాల్పుల తర్వాత. ముందు, మధ్యలో, తర్వాత. మీ ఆటలో సాయానికి చోటు ఎక్కడుందో తేల్చుకుంటే తుపాకులా హీరోలా అన్నది దానంతటదే తేలుతుంది. వేగంగా చంపే తుపాకులు పెట్టి, మెల్లగా వైద్యం చేసే హీలర్‌ని పెట్టిన స్టూడెంట్ ప్రాజెక్టులు చాలా చూశాను. హీలర్ తీసుకున్నవాడు రెండు నిమిషాల్లో విసిగిపోయి క్లాస్ మార్చేస్తాడు.

రెండూ కలపొచ్చా అంటే కలపొచ్చు. 2020 జూన్‌లో వచ్చిన వాలరెంట్ అదే చేసింది. తలకి తగిలితే పోయే తుపాకులు, 800 క్రెడిట్లతో మొదలయ్యే డబ్బు లెక్క కౌంటర్ స్ట్రైక్ దారిలోవి. దాని మీద ఏజెంట్లు అనే పాత్రల పవర్లు పెట్టారు. ఆ పవర్లలో ఎక్కువ భాగం కాల్పులకి ముందు వాడేవే అని గమనించండి: పొగ, గోడ, దాక్కున్నవాళ్ళని చూపించే బాణం. నాకు ఇష్టమైన చిన్న ఏర్పాటు ఒకటి అందులో ఉంది. తుపాకీ కొనే డబ్బు లేనివాడు ఒక్క నొక్కుతో రిక్వెస్ట్ పెట్టొచ్చు, ఉన్నవాడు ఒక్క నొక్కుతో కొనిపెట్టొచ్చు. నోరు తెరిచి అడగడానికి మొహమాటపడే కొత్త పిల్లలు ఆ బటన్‌ని ఎంత హాయిగా వాడతారో నేను చూస్తున్నాను.

మొహమాటం అన్నాను కాబట్టి మాటల సంగతి. ఇది మన తెలుగువాళ్ళకి బాగా సంబంధించింది. సెంటర్‌లో పక్కపక్కన కూర్చుని ఆడినప్పుడు "లాంగ్‌లో ఒకడున్నాడు, హాఫ్ హెచ్‌పీ రా" (పొడవాటి దారిలో ఒకడు, సగం ఆరోగ్యంతో) అంటే అయిపోయేది. ఇంట్లో కూర్చుని ముంబై సర్వర్‌లో చేరితే మిగతా నలుగురూ హిందీలో మాట్లాడుకుంటుంటారు. మా జిల్లా పిల్లలకి హిందీ అర్థమవుతుంది గానీ ఆట మధ్యలో గబగబా బదులు చెప్పడం రాదు. మైక్ కట్టేసి ఊరుకుంటారు. సింగపూర్ సర్వర్‌లో అయితే అదీ ఉండదు, ఎవరి భాష వారిదే. ఇక అమ్మాయిలు మైక్ ఆన్ చేస్తే ఎదురయ్యే మాటలు వేరే చెప్పక్కర్లేదు. నా దగ్గర నేర్చుకునే అమ్మాయిల జట్టులో దాదాపు అందరూ కొత్తవాళ్ళతో ఆడేటప్పుడు మైక్ వాడరు. మాట్లాడకపోతే ఆడలేని గేమ్ అంటే ఇంతమందిని బయట నిలబెట్టినట్టే.

2019 ఫిబ్రవరిలో వచ్చిన ఏపెక్స్ లెజెండ్స్ ఈ చిక్కుని అందంగా విప్పింది. ఒక బటన్ నొక్కితే చూస్తున్న చోట గుర్తు పడుతుంది, రెండుసార్లు నొక్కితే అక్కడ శత్రువున్నాడని మన పాత్రే గొంతెత్తి చెప్తుంది. కింద పడున్న తుపాకీ మీద నొక్కితే ఆ తుపాకీ పేరు చెప్తుంది. తోటివాడు "అది నాకు" అని ఒక్క నొక్కుతో రిజర్వ్ చేసుకోవచ్చు. ముగ్గురు అపరిచితులు ఒక్క మాట మాట్లాడకుండా మ్యాచ్ గెలవడం దానితో సాధ్యమైంది. తర్వాత వచ్చిన ఆటలు ఇలాంటి గుర్తుల పద్ధతి పెట్టుకోక తప్పలేదు. మీ ప్రాజెక్టులో వాయిస్ చాట్ పెట్టడానికి సమయం లేకపోతే బాధపడకండి, ఈ గుర్తుల పద్ధతి మాత్రం వదలకండి. దీనికి శ్రమ పెద్దగా పట్టదు: చూపు తగిలిన చోట ఒక గుర్తు, ఒక శబ్దం, కొన్ని సెకన్లకి మాయం కావడం.

చచ్చిపోయిన తర్వాత ఏం జరుగుతుందన్నది చాలామంది డిజైన్ చేయరు, అలా వదిలేస్తారు. మన కబడ్డీలో ఈ లెక్క ఎంత బాగుందో చూడండి. అవుటైనవాడు గీత బయట కూర్చుంటాడు, కానీ తన జట్టు పాయింట్ తెస్తే తిరిగి లోపలికొస్తాడు. అందుకే బయట కూర్చున్నవాడు కూడా లోపలున్నవాడి కోసం గొంతు చించుకుంటాడు. షూటర్లలో దీనికి దగ్గరగా వచ్చినవి ఉన్నాయి. ఏపెక్స్‌లో చచ్చినవాడి బ్యానర్ (వాడి గుర్తు) తెచ్చి బీకన్ అనే యంత్రం దగ్గర పెడితే వాడు తిరిగొస్తాడు. 2015 డిసెంబర్‌లో వచ్చిన రెయిన్‌బో సిక్స్ సీజ్‌లో చచ్చినవాడు తన జట్టు కెమెరాలు, డ్రోన్లు చూస్తూ బతికున్నవాళ్ళకి చెప్పొచ్చు: "మెట్ల కింద ఒకడు, కిటికీ దగ్గర ఒకడు." చచ్చినా పని ఉంది. మీ గేమ్‌లో చచ్చినవాడికి చూడటం తప్ప పని లేకపోతే, కనీసం ఆ చూడటం కొద్దిసేపే ఉండేలా చూసుకోండి. కౌంటర్ స్ట్రైక్‌లో ఒక రౌండ్ 1 నిమిషం 55 సెకన్లు, బాంబు పెడితే ఇంకో 40 సెకన్లు. చచ్చినవాడు ఆ కాసేపూ తోటివాడి క్లచ్ (ఒక్కడే మిగిలి పోరాడటం) చూస్తూ ఊపిరి బిగబడతాడు. అదే ఐదు నిమిషాల రౌండైతే లేచి టీకి వెళ్ళిపోతాడు.

ఒకరిమీద ఒకరు ఆధారపడటాన్ని అన్నిటికంటే నిక్కచ్చిగా పెట్టినది లెఫ్ట్ 4 డెడ్ అని నా అభిప్రాయం. 2008 నాటి జాంబీ గేమ్. అందులో హంటర్ అనే జాంబీ మన మీద దూకి పట్టుకుంటే మనంతట మనం విడిపించుకోలేం, స్నేహితుడు రావాల్సిందే. ఎంత గొప్ప ఆటగాడైనా ఒంటరిగా ముందుకి పరిగెత్తితే అక్కడే పోతాడు. ఇలాంటి నియమం ఒక్కటి పెడితే టీమ్‌గా ఆడండి అని పదిసార్లు తెర మీద రాయక్కర్లేదు. అయితే ఇది పోటీ ఆటలో అతిగా వాడితే కోపం వస్తుంది. స్నేహితుడు రాలేదన్న నిస్సహాయత ఒకటి రెండుసార్లు భరిస్తారు, ప్రతి నిమిషం అదే అయితే భరించరు.

స్ప్లాటూన్ కూడా ఒకసారి చూడండి. నింటెండో గేమ్ కాబట్టి మన దగ్గర ఆడినవాళ్ళు తక్కువే. అక్కడ నలుగురు నలుగురు, 3 నిమిషాలు, నేల మీద ఎవరి రంగు ఎక్కువ పూస్తే వాళ్ళు గెలుస్తారు. శత్రువు ఎదురుపడితే భయపడే పిల్ల కూడా వెనక ఉండి నేలంతా రంగు వేసి జట్టుని గెలిపించగలదు. నా పరీక్షలో ఇంత తేలిగ్గా పాసయ్యే గేమ్ ఇంకోటి లేదు. మా అక్క కూతురు మొదటిసారి కంట్రోలర్ పట్టుకున్న రోజే జట్టుకి పనికొచ్చింది.

తుపాకీ ఫీల్, నెట్‌వర్క్ గురించి ఎక్కువ చెప్పను, ఎందుకంటే అవి లేకపోతే ఎలాగూ ఎవరూ ఆడరు, మీకూ తెలుసు. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. గోడ చాటుకి వచ్చేశాక కూడా చచ్చిపోయినట్టు చూపిస్తే ఆటగాడు సర్వర్‌ని తిట్టడు, "హ్యాక్ రా" అని ఎదుటివాడిని తిడతాడు, లేదా "కవర్ ఇవ్వలేదు" అని పక్కవాడిని తిడతాడు. అంటే లాగ్ (నెట్‌వర్క్ ఆలస్యం) కూడా జట్టునే చీలుస్తుంది. ఎవరు కొట్టారు, ఎక్కడి నుంచి కొట్టారు అన్నది చచ్చిన వెంటనే చూపిస్తే సగం గొడవలు పుట్టవు. టీమ్ ఫోర్ట్రెస్ 2లో చచ్చిన క్షణాన తెర ఆగి, కొట్టినవాడి బొమ్మ చూపిస్తుంది. అదే గేమ్‌లో తొమ్మిది క్లాసుల ఆకారాలు నీడ చూసి కూడా పోల్చుకోగలిగేలా గీశారు. ఎదురుగా వచ్చేది ఎవరో అర సెకనులో తెలిస్తేనే, తను పారిపోవాలో తోటివాడిని పిలవాలో ఆటగాడు నిర్ణయించుకోగలడు. మీ హీరోలు ఎంత అందంగా ఉన్నారన్నది తర్వాత. నల్లటి నీడలుగా పక్కపక్కన పెట్టి పోల్చి చూడండి.

నా పరీక్షకి కొన్ని పరిమితులు ఉన్నాయి, అవి కూడా చెప్పాలి.

మొదటిది, స్నేహితులతో ఆడితే ఏ గేమైనా బాగుంటుంది. ఐదుగురు స్నేహితులు నవ్వుతూ ఆడారని మీ గేమ్ బాగుందనుకోకండి, వాళ్ళు లూడో ఆడినా అలాగే నవ్వుతారు. ఒకరికొకరు తెలియనివాళ్ళని కూర్చోబెట్టి చూస్తేనే అసలు సంగతి తెలుస్తుంది.

రెండోది, బలహీనుడికి పని ఇవ్వడమంటే బలవంతుడికి విలువ లేకుండా చేయడం అనుకోవద్దు. బాగా ఆడేవాడికి తన ఆట చూపించే చోటు ఉండాలి. ఒకడు ముగ్గురిని తిప్పేసి రౌండ్ గెలిపించిన క్షణమే మా సెంటర్‌లో మిగతా కుర్రాళ్ళందర్నీ ఆ కుర్చీ వెనకకి చేర్చేది. అది పోతే గేమ్ చప్పబడుతుంది. మీ కౌంటర్ స్ట్రైక్ స్నేహితుడి పట్టుదలకి నేను ఇచ్చే గౌరవం ఇది.

మూడోది, ముందున్నవాడే ఇంకా ముందుకి పోయే గేమ్‌లో ఈ సాయాలేవీ పనిచేయవు. గెలిచినవాడికి డబ్బు, మంచి తుపాకులు, మంచి చోటు అన్నీ ఇచ్చేస్తే ఓడినవాళ్ళు మూడో రౌండ్‌కే చేతులెత్తేస్తారు, చేతులెత్తేసినవాళ్ళు ముందుగా చేసే పని పక్కవాడిని తిట్టడం. కౌంటర్ స్ట్రైక్ ఓదార్పు సొమ్ము విలువ అక్కడే తెలుస్తుంది.

డిజైన్ అంతా బాగున్నా గేమ్ పోవచ్చు కూడా. సోనీ విడుదల చేసిన కాంకర్డ్ 2024 ఆగస్టు 23న వచ్చి సెప్టెంబర్ 6న మూతపడింది, కొన్నవాళ్ళకి డబ్బు తిరిగిచ్చారు. ఐదుగురు ఐదుగురు ఆడే హీరో షూటరే. కాల్పులు బాగానే ఉన్నాయన్నవాళ్ళు ఉన్నారు. కానీ దాని ధర 40 డాలర్లు, పక్కనే ఓవర్‌వాచ్ 2, వాలరెంట్, ఏపెక్స్ ఉచితం. నాలాంటివాడు కొన్నా, నా నలుగురు స్నేహితులు కొనాలి కదా. టీమ్ గేమ్‌కి ధర ఎప్పుడూ ఐదు రెట్లుగా ఆలోచించాలి. మన దగ్గర ఇంకో కోణం కూడా ఉంది. 2020 సెప్టెంబర్‌లో పబ్జీ మొబైల్ నిషేధించాక, 2021 జులైలో బీజీఎంఐ వచ్చింది, 2022 జులైలో అదీ స్టోర్ల నుంచి పోయింది, 2023 మేలో తిరిగొచ్చింది. ఇన్ని ఆటంకాల తర్వాత కూడా పిల్లలు స్క్వాడ్‌లు స్క్వాడ్‌లుగా తిరిగి చేరారు. ఎందుకంటే నలుగురి దగ్గరా ఉన్న మామూలు ఫోన్‌లోనే అది ఆడుతుంది. మీ గేమ్‌కి గ్రాఫిక్స్ కార్డ్ కావాలంటే మీ క్లాసులో ఎంతమంది ఆడగలరో ముందే లెక్కపెట్టుకోండి.

మీ ప్రాజెక్టుకి నేనిచ్చే సలహా ఇది. ముగ్గురు ముగ్గురు చాలు, పదిమందిని ప్రతిసారీ పోగుచేయలేరు. ఒక్క మ్యాప్, రెండు లక్ష్యాలు, ముగ్గురితో రెంటినీ కాయలేని దూరం. తుపాకులు రెండు మూడే చేసి వాటిని బాగా చేయండి. హీరోల బదులు, ఒకరికొకరు ఇచ్చుకోగల వస్తువు ఒకటి పెట్టండి, మందుగుండు కావచ్చు, కవచం కావచ్చు. ఇచ్చినప్పుడు ఇచ్చినవాడి పేరు తీసుకున్నవాడి తెర మీద కనపడాలి. గుర్తుల బటన్ తప్పనిసరి. బోర్డు మీద కిల్స్ కంటే పైన లక్ష్యం దగ్గర గడిపిన సమయం, ఇచ్చిన సాయం చూపించండి.

తర్వాత హాస్టల్ నుంచి షూటర్లు ఎప్పుడూ ఆడని ఇద్దరిని, బాగా ఆడే నలుగురిని పిలిచి, ఒక్కో జట్టులో ఒక కొత్త మనిషి ఉండేలా కూర్చోబెట్టండి. మీరు వెనక నిలబడి ఏమీ నేర్పించకండి. ఎవరు గెలిచారన్నది రాసుకోకండి. ఆ ఇద్దరు కొత్తవాళ్ళ పేర్లు మిగతావాళ్ళ నోట ఎప్పుడెప్పుడు వచ్చాయో, తిట్టడానికా, పిలవడానికా, థాంక్స్ చెప్పడానికా అన్నది మాత్రం రాసుకోండి. మ్యాచ్ అయ్యాక "ఇంకో రౌండ్" అని ముందు అడిగింది ఎవరో కూడా రాసుకోండి. ఆ కాగితం ఇక్కడ పెడితే, ఏది మార్చాలో చూసి చెప్తాను.